స్తంభం వదిన

"స్తంభం వదినా, టీ అయిందా? లేక టీ గిన్నెని కూడా ఎక్కడైనా గుద్దేశావా?"

ఇది మా మరిది ఆదివారం పలకరింపు. గుమ్మంలో అడుగు పెడుతూనే అంటాడు, తన జోకుకి తనే నవ్వుకుంటాడు, వెనకే తోడికోడలు మొహమాటంగా ఓ నవ్వు జోడిస్తుంది. ఆరేళ్ళ నుంచి ఇదే వరస. మొదట్లో 'మా వదిన గేటు స్తంభాన్ని గుద్దింది' అని చెప్పుకునేవాడు. తర్వాత మాట అరిగి అరిగి 'స్తంభం వదిన' అయింది. పెళ్ళిళ్ళలో నా మొహం గుర్తులేని చుట్టాలకి కూడా ఆ పేరు చెబితే నేను గుర్తొస్తాను. అదైనా సరేలే అనుకునేదాన్ని. మొన్నామధ్య నా పదిహేనేళ్ళ కూతురు ఫోన్‌లో స్నేహితురాలితో, "మా అమ్మ తీసుకొస్తుందిలే. మీ ఇంటి ముందు స్తంభాలేమీ లేవు కదా?" అని కిలకిలా నవ్వింది. ఆ రోజు మాత్రం చేతిలో గిన్నె సింకులో పెట్టి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు నిలబడ్డాను.

ఎందుకంటే ఆ స్తంభాన్ని గుద్దింది నేను కాదు.

ఆరేళ్ళ కింద, ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసులో ఎవరిదో రిటైర్మెంట్ పార్టీ. తిరిగొస్తుంటే స్టీరింగ్ ఆయన చేతిలోనే ఉంది. వారమంతా కారు నడిపేది నేనే. పాపని బడికి, ఆయన్ని రైల్వే స్టేషన్‌కి, అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి, నన్ను నా ఉద్యోగానికి తిప్పేది నేనే. పొద్దున్నే బకెట్టూ గుడ్డా పట్టుకుని దాన్ని తుడిచేదీ నేనే. కానీ అందరం కలిసి వెళ్ళేటప్పుడు మాత్రం "ఫ్యామిలీ అంతా ఉన్నప్పుడు రిస్క్ ఎందుకూ" అని తాళాలు ఆయన తీసుకుంటారు. అంటే వారమంతా నా పక్కన కూర్చునే పిల్ల ఫ్యామిలీ కాదన్నమాట! సరే, ఆ రోజు మా గేటు దగ్గరికొచ్చేసరికి ఆయన నాకు పాఠం చెబుతున్నారు. నేను బ్రేకు ఆలస్యంగా వేస్తానట. ఎప్పుడు వెయ్యాలో నాకు బాగా అర్థం కావాలని మొహం నా వైపు తిప్పి మరీ చెబుతున్నారు. ఢాం! ముందు లైటు పగిలింది, బంపరు నొక్కుకుపోయింది, స్తంభం మీద పెచ్చు ఊడింది. వెనక సీట్లో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచింది. పాప పక్కన అత్తయ్య ఉన్నారు. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు.

చప్పుడికి పైఅంతస్తు వాళ్ళు బాల్కనీలోకి వచ్చేసరికి ఆయన దిగిపోయి కారు ముందు నిలబడి ఉన్నారు. పైకి చూసి నవ్వుతూ, "ఏం లేదండీ, మా ఆవిడ చెయ్యి ఇంకా కుదురుకోలేదు, నేర్పిస్తున్నా" అన్నారు. అప్పటికి నాకు లైసెన్సొచ్చి నాలుగేళ్ళు. నలుగురిలో ఆయన్ని ఏమంటాం అని ఆ రాత్రికి ఊరుకున్నాను. మర్నాడు ఆయనే టీ పెట్టి తెచ్చారు, కప్పులు కూడా కడిగారు, పోనీలే సిగ్గుపడుతున్నట్టున్నారు అని ఊరుకున్నాను. మూడో రోజుకి సిమెంటు గట్టిపడ్డట్టు ఆ మాట ఇంట్లో గట్టిపడిపోయింది. నేను గిన్నెలు తోముతుంటే ఓ కాగితం తెచ్చి, "ఇన్సూరెన్స్‌కి, ఇక్కడో సంతకం పెట్టు, త్వరగా" అన్నారు. తడి చేత్తో పెట్టేశాను. ఏం రాసుందో చదవలేదు. పెళ్ళైన దగ్గర్నుంచి 'ఇక్కడో సంతకం పెట్టు' అన్న చోటల్లా పెడుతూనే ఉన్నాను. బొటనవేలి తడికి నా పేరులో సగం అలుక్కుపోయింది. "అబ్బా, సంతకం కూడా సరిగ్గా పెట్టలేవా" అని విసుక్కుని పట్టుకెళ్ళారు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్నొక ఆదివారం ఆ పలకరింపు విన్న మర్నాడు మా ల్యాబులో ఒక సంగతి జరిగింది.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పద్నాలుగేళ్ళ అనుభవం. ఒకప్పుడు రక్తం తీసేదాన్ని, ఇప్పుడు నేలమాళిగ గదిలో కూర్చుని ట్యూబులకి లేబుళ్ళు అంటిస్తున్నాను. పాప చిన్నప్పుడు వేళలు కుదరక నేనే అడిగి దిగిన మెట్టు అది, మళ్ళీ ఎక్కమని ఎవరూ పిలవలేదు. సోమవారం మా ఇంచార్జి మేడం ఆ మెట్లన్నీ మోకాళ్ళు పట్టుకుంటూ దిగివచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూలబడ్డారు. "ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని మొదలుపెడుతున్నాం. పర్మనెంట్ పోస్టు. వాళ్ళ నరాలు దొరకవు, దొరికినా జారిపోతాయి. నీకైతే వేలు పెట్టగానే దొరుకుతుంది, నేను చూశాను కదా. కారు ఉంది కదా నీకు?" అన్నారు. ఉందన్నాను. "అయితే ఒకటే పేచీ. ఉద్యోగం పని మీద తిరిగే కారుకి వేరే రకం ఇన్సూరెన్స్ కావాలి. అది మీ పాత కంపెనీ ఇవ్వదు, మన ల్యాబు మాట్లాడుకున్న కంపెనీకి మారాలి. వాళ్ళేమో కనీసం ఐదేళ్ళు ఒక్క క్లెయిమ్ కూడా చెయ్యలేదని పాత కంపెనీ లెటర్ ఇస్తేనే తీసుకుంటారట. గురువారం సాయంత్రంలోపు తెచ్చెయ్. లేదంటే పైన కౌంటర్ అబ్బాయికి ఇవ్వాల్సొస్తుంది. వాడు సూదితో పొడిస్తే పేషెంట్లు మళ్ళీ రారు తల్లీ!"

ఇంటికెళ్ళే దారంతా నేను నవ్వుతూనే నడిపాను. ఎర్రలైటు దగ్గర పక్క కారాయన నన్ను వింతగా చూశాడు కూడా. ఇన్నేళ్ళ తర్వాత ఒక మనిషి నా చేతి వేళ్ళని గుర్తుపెట్టుకుని మెట్లు దిగి వచ్చింది మరి, నవ్వు రాదా?

భోజనాల దగ్గర చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "మర్చిపో. స్తంభం క్లెయిమ్ ఉంది కదా, క్లెయిమ్ చెయ్యనివాళ్ళకిచ్చే డిస్కౌంటు అప్పుడే పోయింది నీకు" అన్నారు.

ఎంత మామూలుగా అన్నారంటే, నేను తినడం ఆపి ఆయన మొహం వెతికాను. అబద్ధం చెప్పేవాడి మొహం కాదది. మనిషి ఆరేళ్ళు ఒక మాట చెప్పుకుంటూ పోతే చివరికి అది అతనికే నిజమైపోతుంది కాబోలు. "ఆరేళ్ళైంది కదండీ, వాళ్ళడిగింది ఐదేళ్ళే" అన్నాను. "వాళ్ళు క్లెయిమ్ తీర్చేసరికి ఏడాది దాటింది. లెక్క అప్పట్నుంచి. నీకు తెలీదులే ఇవన్నీ. అయినా ఈ వయసులో ఇంటింటికీ తిరగడం ఏంటి, ఎవరైనా చూస్తే?" అన్నారు. ఏడాదో రెండేళ్ళో ఆయనకే తెలీదు. ఎదురుగా అత్తయ్య మజ్జిగ తాగుతున్నారు. గ్లాసు దించి నా వైపు చూశారు. ఆవిడ ఏమైనా అంటారేమో అని ఆశపడ్డాను. ఆవిడ మళ్ళీ గ్లాసెత్తారు. నా మీద నాకే కోపమొచ్చింది, ఆరేళ్ళలో ఇంకా ఆశపడటం మానలేదే అని.

మంగళవారం పొద్దున నేను కారు తుడుస్తుంటే అత్తయ్య బయటికొచ్చి మెట్టు మీద నిలబడ్డారు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో రికార్డు గదిలో పనిచేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. కారులో వెనక సీట్లో ఆవిడ కూర్చుంటే నా వీపు మీద ఇన్‌స్పెక్టరు కూర్చున్నట్టే ఉంటుంది. "అమ్మాయ్, వాడేదో అన్నాడని ఊరుకుంటావా? కాగితం కళ్ళతో చూడకుండా ఎవరి మాటా నమ్మకూడదు. ఇవాళే ఇన్సూరెన్స్ ఆఫీసుకెళ్ళి అడుగు" అన్నారు. "వెళ్ళి తల దించుకుని రావడానికా అత్తయ్యా?" అన్నాను, ఎప్పుడూ లేనంత విసురుగా. "వెళ్ళమన్నానా లేదా?" అని లోపలికి వెళ్ళిపోయారు.

వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారిపోతున్నాయి. బండి నంబరు చెప్పాను. "పాలసీ ఎవరి పేరు మీదుందండీ?" అంది. "మావారు..." అని మొదలుపెట్టాను. ఆ పిల్ల తెర చూసి, "కాదండీ, ఆడవాళ్ళ పేరుంది. ఇది మీ పేరేనా?" అని నవ్వింది. నిజమే. కారు కొన్నప్పుడు ఆయనకి ఇంకో అప్పుండటంతో నా పేరు మీద తీసుకున్నారు. 'పేరుకే నీది' అని అప్పుడే చెప్పేశారు కూడా. నా పేరున్న కాగితం పదేళ్ళుగా డాష్‌బోర్డు అరలో ఉంది, పోలీసులాపితే చూపించడానికే తప్ప నేనెప్పుడూ విప్పి చూడలేదు. మిగతా కాగితాలన్నీ ఏజెంటు తెచ్చి ఆయన చేతికిచ్చేవాడు.

"క్లెయిమ్‌లు సున్నా. పదేళ్ళు. పూర్తి డిస్కౌంటులో ఉన్నారు మీరు" అంది ఆ అమ్మాయి.

"అలా ఉండదమ్మా. ఒకటుంటుంది, సరిగ్గా చూడు" అన్నాను.

"చూశానండీ. లేదు."

"ముందు లైటు. బంపరు. గేటు స్తంభం. ఆరేళ్ళ కింద."

ఆ పిల్ల మళ్ళీ చూసింది. కంపెనీ పేరు మారకముందరి పాత ఫైళ్ళు కూడా తెరిచి చూసింది. లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చింది. "అమ్మా, ఇక్కడికి అందరూ తప్పు చెయ్యలేదని పోట్లాడటానికి వస్తారు. చేశానని ఇంత పట్టుబట్టేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా" అంది. అప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే కదా! నేను చెయ్యని తప్పుని నా మీదే రాయమని నేనే వకీలులా వాదిస్తున్నాను. ఆ అమ్మాయి లెటర్ ముద్రించి, సీలు వేసి, నా పేరు, బండి నంబరు, మొదలైన తేదీ, ముగిసే తేదీ అన్నీ వేలితో చూపించి ఒక్కొక్కటే చదివించింది. "వాళ్ళకి కాపీ ఇవ్వండి, అసలుది మీ దగ్గరే పెట్టుకోండి. మీవారికి కూడా ఇవ్వకండి" అని చివరి మాట గొంతు తగ్గించి అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. కారులోకొచ్చి ఆ కాగితాన్ని స్టీరింగ్ మీద పరుచుకుని చదివాను. ఒక్క పేజీ. 'పై వ్యక్తి పదేళ్ళలో ఎటువంటి క్లెయిమ్ చేయలేదని ధ్రువీకరించడమైనది.' నా గురించి ఎవరైనా సంతకం పెట్టి మంచి మాట చెప్పడం బడిలో టీసీ తర్వాత ఇదే. ఏడ్చాను, ఏం దాచుకోవాలి!

మరి బండి బాగైందెలా? ఆ ఫారం ఏమైంది?

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య తన గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఆవిడ బీపీ కాగితాల ఫైలుంది. నన్ను చూడగానే ఫైల్లోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. విప్పాను. 'ప్రమాద సమయంలో వాహనం నడిపిన వ్యక్తి' అన్న చోట ఆయన చేతిరాతలో 'భార్య' అని ఉంది. కింద సగం అలుక్కుపోయిన నా సంతకం. బొటనవేలి ముద్ర కూడా అలాగే ఉంది.

"ఏజెంటు వస్తే ఇవ్వమని వాడు నా చేతికిచ్చి ఆఫీసుకెళ్ళాడు. ఇవ్వలేదు. మన మెకానిక్‌ని పిలిచి నా పెన్షన్‌లోంచి ఇచ్చి చేయించాను. వాడు అడిగితే కంపెనీ వాళ్ళే చేశారన్నాను. వాడు కాగితం చూస్తేగా!" అన్నారు.

"ఎందుకు అత్తయ్యా?"

"నేను వెనక సీట్లో లేనా?" అన్నారు కాస్త కోపంగా. తర్వాత గొంతు తగ్గింది. "మా ఆఫీసులో మా పెద్దసారు ఒక ఫైలు పోగొట్టాడు. నా పేరు మీద రాశారు. 'ఊరికే కాగితం కోసమేనమ్మా' అన్నారు, సంతకం పెట్టాను. ఆ ముక్క నా సర్వీసు పుస్తకంలో చివరిదాకా ఉంది. మూడుసార్లు ప్రమోషన్ ఆగింది. కాగితం మీద ఒకసారి ఎక్కితే దిగదు అమ్మాయ్. నీకు ఎక్కనివ్వకూడదనుకున్నాను."

నేను ఆ మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. నా కోసం ఒక మనిషి ఆరేళ్ళు ఒక కాగితాన్ని బీపీ మాత్రల చీటీల మధ్య దాచిపెట్టిందని తెలిస్తే ఏమనాలి? థాంక్సా? పెరుగు తోడుపెట్టినందుకు చెప్పే మాట అది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. అంతలోనే, అదేంటో, కోపం కూడా తన్నుకొచ్చింది. "మరి నోరెందుకు విప్పలేదు అత్తయ్యా? ప్రతి ఆదివారం మీ ముందే కదా స్తంభం స్తంభం అంటారు. పాప కూడా అంటోంది" అన్నాను.

ఆవిడ బీపీ ఫైలు మూసి పక్కన పెట్టారు. "కన్నకొడుకు కదా. నలుగురిలో వాడి మొహం చిన్నబోతే చూడలేకపోయాను. నోటి మాటే కదా, నాలుగు రోజులకి పోతుందిలే అనుకున్నాను. పోలేదు. అది నా తప్పే" అన్నారు. మా అత్తయ్య నోట 'నా తప్పు' అన్న మాట నేను వినడం అదే మొదలు. ఆవిడ సగం చేశారు. కానీ ఆ సగమే చెయ్యకపోయుంటే ఇవాళ నా చేతిలో ఏముండేది? మిగతా సగం నాకు వదిలారు అనుకున్నాను. అలా అనుకోగానే కోపం దిగింది, ఆవిడ మీద ప్రేమ మాత్రం మిగిలింది.

కొత్త కంపెనీ ఫారం నాలుగు పేజీలు. ఈసారి చేతులు తుడుచుకుని, బల్ల దగ్గర కూర్చుని, అక్షరం వదలకుండా చదివాను. మూడో పేజీలో ఒక గడి ఉంది. 'ఈ వాహనాన్ని నడపబోయే ఇతరులు. గత పదేళ్ళలో వారు నడుపుతుండగా జరిగిన ప్రమాదాలు, క్లెయిమ్ చేసినా చేయకపోయినా. ఎవరికి వారే నింపి సంతకం చేయవలెను.' రెండుసార్లు చదివాను. ఈ గడి పెట్టినవాళ్ళెవరో నాకు తెలీదు గానీ వాళ్ళకి కూడా మనసులోనే దండం పెట్టుకున్నాను.

బుధవారం పొద్దున ఆయన టీ పక్కన లెటరూ, ఫారమూ, పెన్నూ పెట్టాను. లెటరు చదివారు. "క్లెయిమ్ లేదా? అదెలా?" అన్నారు. "అత్తయ్య ఫారం ఇవ్వలేదు" అన్నాను. ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ పేపరు చదువుకుంటున్నారు. "మీరూ నడపాలంటే ఆ గడి నింపండి. జరిగింది జరిగినట్టు రాయాలట, అబద్ధం రాస్తే పాలసీ చెల్లదట" అన్నాను. ఆయన పెన్ను తీసుకున్నారు. క్యాపు తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. "ఎప్పటిదో స్తంభం... ఇదంతా అవసరమా ఇప్పుడు?" అని నీళ్ళు నమిలారు. ఆయన స్టేషన్‌కి టైమైందన్నారు. గడి ఖాళీగానే ఉంది. నేను దాని మీద అడ్డంగా ఒక గీత గీసి 'నడిపేది నేను ఒక్కదాన్నే' అని రాసి, సంతకం పెట్టాను. ఎంత అందంగా వచ్చిందో నా సంతకం!

గురువారం మధ్యాహ్నానికే కాగితాలన్నీ మేడం బల్ల మీద పెట్టేశాను. మేడం లెటరు చదివి, "పదేళ్ళా! నేనే నీ కారెక్కుతా ఇకనుంచి" అన్నారు. పాప ఆ లెటరు కాపీ ఒకటి ఫ్రిజ్ మీద అంటించింది. నానమ్మ దానికి ఏం చెప్పారో నాకు తెలీదు గానీ రాత్రి నా దగ్గరికొచ్చి, నడుం చుట్టూ చేతులేసి, "సారీ అమ్మా" అంది.

ఆదివారం మరిది వాళ్ళొచ్చారు. అందరం కలిసి బయటికి బయల్దేరాం. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఆయన నా పక్క తలుపు తీయబోతే అప్పటికే అక్కడ అత్తయ్య కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నారు. "నువ్వు వెనక్కెళ్ళరా. నాకు ముందు నుంచి రోడ్డు చూడాలనుంది" అన్నారు. మరిదీ ఆయనా వెనక సర్దుకున్నారు. పాప పిన్నితో వాళ్ళ కారెక్కింది.

"అదేంటి అన్నయ్యా, తాళాలు స్తంభం వదినకిచ్చావు? ఫ్యామిలీ అంతా ఉన్నాం, రిస్కు కదా?" అన్నాడు మరిది.

ఆయన సీటు సందులో బెల్టు వెతుక్కుంటున్నారు.

"వాడు ఒక గడి నింపాలిరా, నింపితే నడపనిస్తారట" అన్నారు అత్తయ్య, ముందుకే చూస్తూ. "కాగితం మీద రాయడానికి చెయ్యి రాలేదు వాడికి. నోటితోనైనా చెబుతాడేమో నువ్వడుగు."

"ఏం గడి? ఏం చెప్పాలి అన్నయ్యా?"

కారు గేటు దగ్గరికొచ్చింది. స్తంభం మీద పెచ్చు ఊడిన చోట వేసిన సిమెంటు ఇప్పటికీ వేరే రంగులో కనిపిస్తూనే ఉంటుంది. సరిగ్గా దాని పక్కన, జానెడు దూరంలో, నెమ్మదిగా బ్రేకు వేసి ఆపాను. ఇంజను ఆపలేదు. అద్దంలో ఆయన మొహం కనిపిస్తోంది.

"చెప్పండి, పర్లేదు," అన్నాను. "నాకేం తొందర లేదు."